గోత్రము చెప్పని రక్తసంబంధము
(మాదాపురమున జరిగిన వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



కార్యదర్శిగారు నన్ను మన కులచరిత్రమును గూర్చి మాటలాడుమని కోరిరి. ముప్పదియైదేండ్లు పాఠశాలలో సంస్కృతాంధ్రములు బోధించినవాడను గనుక గోత్రప్రవరలను గూర్చియో, శాసనములలో కనబడు మన పూర్వుల నామములను గూర్చియో చెప్పుదునని వారు తలచియుందురు. చరిత్రమునే చెప్పెదను. కాని యది తాళపత్రములలోనిది కాదు, మన రక్తములో వ్రాయబడియున్నది. దానిని చదువనేర్చిన పండితులు మన హైదరాబాదుననే పనిచేసిరి, చేయుచున్నారు. వారు చదివి తెలిపిన విషయము మన యిండ్ల వివాహములకును, పుట్టబోవు బిడ్డల ప్రాణములకును సంబంధించినది. కులసంఘముల సభలలో దీనిని గూర్చి యెవరును మాటలాడగా నేను వినలేదు. అందుచేతనే యీ సాహసము.

ఈ సంగతి యంతయు నొక మనుష్యునితో ముడివడియున్నది. ఆయన పేరు లాల్జీసింగు. 1947 జూలై 5వ తేదీన ఉత్తరప్రదేశమునందలి జౌన్‌పూరు జిల్లా కల్వారీ గ్రామమున వ్యవసాయకుటుంబమున జన్మించెను. కాశీ హిందూ విశ్వవిద్యాలయమున చదివి, పాముల క్రోమోజోములపై పరిశోధన చేసి, తరువాత ఎడింబరో నగరమున పెక్కేండ్లు పనిచేసెను. ఆడ కట్లపాము యొక్క డి.ఎన్.ఎ.లో మాటిమాటికి పునరుక్తమగు నొక చిన్న భాగమును ఆయనయు సహచరులును గుర్తించిరి. పాముతో నేమి పని యని మనము నవ్వుకొనవచ్చును. ఆ పాము డి.ఎన్.ఎ. తునకనే పరికరముగా జేసికొని, మనుష్యునికిని మనుష్యునికిని గల భేదమును వ్రేలిముద్రవలె తేల్చు విధానమును ఆయన హైదరాబాదులోని కణజీవశాస్త్ర కేంద్రమున, అనగా సి.సి.ఎం.బి.యందు, 1988 నాటికి సిద్ధముచేసెను.

ఆ కేంద్రమును గూర్చి రెండు మాటలు. నిజాము ప్రభుత్వము 1944లో నెలకొల్పిన పరిశోధనాలయము స్వాతంత్ర్యానంతరము ప్రాంతీయ పరిశోధనాలయ మాయెను. దాని గర్భముననే 1977 ఏప్రిలు 1వ తేదీన పుష్పమిత్ర భార్గవగారు సి.సి.ఎం.బి.ని ఆరంభించిరి. 1987 నవంబరు 26వ తేదీన ప్రధానమంత్రి రాజీవ్ గాంధీ దాని నూతనభవనములను జాతికి అంకితము చేసెను. లాల్జీసింగుగారు ఆ సంవత్సరమే యచట జేరి, 1998 మొదలు 2009 వఱకు దానికి డైరెక్టరుగా నుండిరి.

డి.ఎన్.ఎ. ముద్ర మొదట న్యాయస్థానములకు బనికివచ్చినది. కేరళమున తలశ్శేరి న్యాయస్థానములో నొక బిడ్డకు తండ్రి యెవరను వివాదము దానివలననే తేలినది. తరువాత రాజీవ్ గాంధీ హత్యాభియోగమునను నది సాక్ష్యమాయెను. తండ్రి యెవరో చెప్పగల విద్య తాతముత్తాతలను గూర్చియు చెప్పకపోవునా? చెప్పినది. ఆ తోవనే పోయి ఆయన జాతుల చరిత్రలోనికిని, అటనుండి జాతుల జబ్బులలోనికిని ప్రవేశించెను. మన దేశమున వేఱువేఱుగా గుర్తింపదగిన జనసముదాయములు 4,635 కలవని మానవశాస్త్ర సర్వేక్షణమువారు లెక్కవేసిరి. ఒక్కొక్క సముదాయమును తనలో దాను వివాహమాడుచు వేలయేండ్లు గడపినది. ఒక్కొక్కదాని జబ్బులును వేఱుగా నుండవలదా యని ఆయన ప్రశ్న.

ఆ ప్రశ్నకు ప్రయోగశాలలోని ప్రత్యుత్తరము చాలదని 2004లో ఆయన హైదరాబాదున జీనోము ఫౌండేషను అను లాభాపేక్షలేని సంస్థను స్థాపించెను. వంశపారంపర్యముగా వచ్చు జబ్బులను గుర్తించుట, వానికి చికిత్సోపాయములను వెదకుట, విశేషించి పల్లెలలోని పేదలకు నీ విద్య ఫలమును అందజేయుట దాని ఆశయములు. గొప్ప యాసుపత్రులకు బోగలిగినవానికి ఏ పరీక్షయైనను దొరకును. కల్వారీవంటి గ్రామమున వరుసగా ఇద్దఱు బిడ్డలను పోగొట్టుకొన్న తల్లికి, అది గ్రహదోషము కాదని చెప్పువాడెవడు? సంస్థ పుట్టుక కిదియే హేతువు. అనంతరము ఆయన కాశీ హిందూ విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడై ఒక్క రూపాయి జీతము పుచ్చుకొనెను. 2017 డిసెంబరు 10వ తేదీన కాశిలోనే పరమపదించెను. పండితుని యోగ్యతను గూర్చి నాకు వేఱు నిదర్శనము అక్కఱలేదు.

ఇక విషయమునకు వచ్చెదను. డి.ఎన్.ఎ. యనగానేమో పెద్దలకు అర్థమగుటకు నాకు దెలిసిన తాళపత్రముల మాటతోనే చెప్పుదును. మన శరీరమునకు మూలమైన గ్రంథము సుమారు మూడువందలకోట్ల అక్షరములది. అట్టి గ్రంథము ప్రతి మనుష్యునియందును రెండు ప్రతులుగా నుండును. ఒకటి తల్లి వ్రాసి యిచ్చినది, రెండవది తండ్రి వ్రాసి యిచ్చినది. వ్రాయసకానికి పొరపాటు సహజము గదా! ఎక్కడనో ఒక అక్షరము తప్పిపోవును. అయినను రెండవ ప్రతిలో సరియైన పాఠమున్నచో దేహము దానిని చూచుకొని పని గడుపుకొనును. ఆ మనుష్యునకు జబ్బు లేదు, తనలో తప్పున్నదన్న యెఱుకయు లేదు. వానిని వాహకుడందురు. రెండు ప్రతులలోను అదేచోట అదే తప్పు పడినపుడు మాత్రము అర్థము చెడును. దానినే జబ్బు అందుము. ఇట్టివానిని అంతర్గతలక్షణములని పాఠ్యపుస్తకములు చెప్పును. దంపతులిద్దఱును ఒకే తప్పునకు వాహకులైనచో, ప్రతి కానుపునందును బిడ్డకు జబ్బు వచ్చుటకు నాల్గింట నొకపాలు, వాహకత్వము వచ్చుటకు సగపాలు, ఏమియు లేకుండుటకు నాల్గింట నొకపాలు అవకాశము గలదు. మొదటి బిడ్డకు వచ్చినది గదా, ఇక మూడు కానుపులకు భయము లేదనుకొనుట తప్పు. ప్రతిమాఱును లెక్క క్రొత్తగా మొదలగును.

ప్రాచీనగ్రంథములను పరిష్కరించువారికి ఒక రహస్యము తెలియును. ఒక ప్రాంతమున దొరకిన ప్రతులన్నియు ఒకే మూలమునుండి యెత్తి వ్రాసికొన్నవైనచో, నూఱు ప్రతులను పోల్చినను తప్పు బయటపడదు. అన్నిటిలోను అదే తప్పు. దూరదేశపు ప్రతి యొకటి దొరకిననే సరియైన పాఠము తెలియును. కులముల సంగతియు నిట్టిదే. ఎన్నడో కొలదికుటుంబములు వేఱుపడి ఒక సముదాయమైనవి. వారిలో నొకరియందున్న తప్పు, ఆ సముదాయము పెరిగి లక్షలైనపుడు, తానును వేలమందిలోనికి వ్యాపించినది. బయటి ప్రతి లోనికి రాలేదు.

దీనిని లెక్కతో నిరూపించిరి. 2009లో లాల్జీసింగుగారును, ఆయన సహచరులు కుమారస్వామి తంగరాజుగారును, అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయపు డేవిడ్ రైకును మఱికొందఱును కలసి 25 సముదాయములకు జెందిన 132 మందిని పరిశీలించి యొక వ్యాసమును ప్రకటించిరి. 2013లో 73 సముదాయములపై మఱియొకటి వచ్చినది. దాని సారము మన యభిమానమునకు కొంచెము కష్టము గలిగించును. దేశమునందలి దాదాపు అన్ని కులములును తెగలును రెండు ప్రాచీనజనముల మిశ్రమమునుండియే వచ్చినవి. ఆ కలయిక సుమారు 4,200 ఏండ్లకును 1,900 ఏండ్లకును నడుమ విరివిగా జరిగినది. ఆ పిమ్మటనే కులములు తలుపులు వేసికొన్నవి. కనుక మా రక్తము శుద్ధము, వారిది సంకరమని యెవరును మీసము దువ్వ నక్కఱలేదు. కలసినవారమే తరువాత విడిపోతిమి.

2017లో వచ్చిన మూడవ వ్యాసము మనకు ముఖ్యము. 260కి మించిన సముదాయములకు చెందిన 2,800 మందికి పైగా పరిశీలింపగా, 81 సముదాయములలో ఈ 'కొలదిమంది మూలపురుషుల' గుర్తు, ప్రపంచమున దానికి ప్రసిద్ధులైన ఫిన్లాండువారియందును అష్కెనాజీ యూదులయందును కనబడుదానికంటె గాఢముగా కనబడినది. ఆ 81లో 14 సముదాయములు పదిలక్షలకు మించిన జనసంఖ్య గలవి. పెద్ద కులము గదా, మనకేమి భయమనుటకు వీలులేదని దీనివలన తేలినది. భారతదేశమున నున్నది ఒక్క మహాజనసముదాయము కాదు, ఒకదాని ప్రక్క నొకటిగా నున్న పెక్కు చిన్నసముదాయములు.

ఆ వ్యాసమున మన యాంధ్రదేశపు వైశ్యసముదాయము ఉదాహరణముగా చెప్పబడినది. వారి సంఖ్య ముప్పదిలక్షలకు మించును. వారిలో బ్యూటిరిల్ కోలినెస్టరేసు అను ఎంజైము లోపము ఇతరులకంటె సుమారు నూఱురెట్లు అధికము. ఆ లోపమువలన నిత్యజీవితమున నేమియు బాధలేదు. శస్త్రచికిత్సకు ముందు కండరములను వదులుచేయుటకు సక్సినైల్ కోలిన్ అను మందిత్తురు. సామాన్యునియందు ఆ యెంజైము దానిని కొన్ని నిమిషములలో ఛేదించివేయును. లోపమున్నవాడు గంటలతరబడి ఊపిరి తీయు శక్తిలేక పడియుండును. అంతవఱకును యంత్రముతో ఊపిరి నడిపించినచో బ్రదుకును. సంగతి ముందు తెలిసిన వైద్యుడు వేఱొక మందు వాడును. అందుచే దక్షిణదేశమున మత్తువైద్యులు రోగిని మీరు వైశ్యులా యని యడుగుట పరిపాటియైనది. ఇది కులమును అవమానించుట కాదు, ప్రాణము కాపాడుట. ఆస్పత్రిలో కులము పేరు వినగానే నొచ్చుకొను మన యలవాటును ఇచట కొంచెము తగ్గించుకొనవలెను.

మత్తుమందుల మాట వచ్చినది గనుక ఒక పాతసంగతి. హైదరాబాదు ఈ విద్యకు క్రొత్త కాదు. 1888లోను 1889లోను నిజాముగారి ద్రవ్యముతో, ఎడ్వర్డు లారీ అను వైద్యుని పూనికపై, క్లోరోఫారము పరిశోధనసంఘములు రెండు ఇచటనే కూర్చుండినవి. రెండవదానికి లండనునుండి లాడర్ బ్రంటను అను ప్రసిద్ధవైద్యుడు వచ్చెను. క్లోరోఫారము ఊపిరిని ఆపుటవలననే చంపును గాని గుండెను చెఱుపదని వారు నిర్ణయించిరి. ఆ నిర్ణయము తరువాతివారిచే ఖండింపబడినది. అయినను సంస్థానాధిపతి పరిశోధనకు ద్రవ్యమిచ్చుట యను సంప్రదాయము ఈ నగరమున అంత పాతది. 1897 ఆగస్టున రొనాల్డు రాసు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నదియు సికింద్రాబాదు బేగంపేటలోనే గదా.

మరల మన యిండ్లకు వత్తము. నాకు దెలిసిన యొక కుటుంబమును గూర్చి పేర్లు లేకుండ చెప్పుదును. వధూవరుల గోత్రములు వేఱు, నక్షత్రములు పొసగినవి, దూరపు బంధుత్వము సైతము లేదు. పుట్టిన పిల్లవాడు ఆఱుమాసములకే తెల్లబడి పాలు త్రాగక నీరసించెను. తలసీమియా యని తేలినది. మూడువారములకొకమాఱు పరరక్తము ఎక్కించనిదే బ్రదుకడు. ఎక్కించుచు బోగా రక్తములోని యినుము దేహమున పేరుకొని గుండెను, కాలేయమును పాడుచేయును. దానిని దిగజార్చుటకు మఱొక మందు. ఆ యింటి ముసలమ్మ కోడలిని, 'నీ పుట్టింటి పాపము మా వంశమునకు తగిలినది' అని దూషించెను. కోడలు రెండేండ్లు పుట్టింటనే యుండిపోయినది. నిజమేమనగా అందు సగపాలు ఆ ముసలమ్మ కుమారునిదే. రెండు ప్రతులలోను తప్పు లేనిదే జబ్బు రాదని యిదివఱకే మనవి చేసితిని. ఈ చిన్న లెక్క తెలిసియుండినచో ఆ పిల్ల రెండేండ్ల దుఃఖము తప్పియుండెడిది. మన సభ్యులలో ననేకులు ఇంజనీర్లు, ఆడిటర్లు. వారి యిండ్లలోను ఇదే దూషణము విందునేమో యని నా భయము.

ఇట్టి తల్లిదండ్రులును వైద్యులును కలసి 1998లో మన నగరమున తలసీమియా సికిల్ సెల్ సొసైటీని స్థాపించిరి. ఈ సభాస్థలమునకు అంత దూరము కాని శివరాంపల్లిలో దాని చికిత్సాలయము గలదు. బిడ్డలకు రక్తమెక్కించుటయు, జబ్బును ముందుగా గుర్తించు పరీక్షలును అచట జరుగును. వాహకత్వమును తెలిసికొనుట కొండంత పని కాదు. ఎఱ్ఱకణముల పరిమాణమును చూచి, హిమోగ్లోబిన్ ఎ-2 అనుదానిని కొలుతురు. అది నూటికి మూడున్నర పాళ్లు దాటినచో సాధారణముగా వాహకత్వమని యెంచుదురు. పెండ్లిపందిటి పూలకగు వ్యయముతో ఎందఱు వధూవరులకు ఈ పరీక్ష చేయింపవచ్చునో మీరే లెక్కించుకొనుడు.

ఇప్పుడు శాస్త్రజ్ఞులైన పెద్దలు, గోత్రములు చూచుకొనుచున్నాముగదా, మన ఋషులు ఈ యపాయమును ముందే కనిపెట్టి సగోత్రవివాహమును నిషేధించిరి గదా యని యడుగుదురు. ఈ ప్రశ్నను నేను గౌరవింతును. అయితే లెక్క చూడుడు. ఒక మనుష్యునకు పదితరముల వెనుక 1,024 మంది పూర్వులు. గోత్రము వారిలో ఒక్కనిని, తండ్రి తండ్రి తండ్రిగా పోవువానిని మాత్రమే లెక్కించును. తక్కిన 1,023 మందిని గూర్చి గోత్రము మౌనము. ఇరువది తరములకు, అనగా సుమారు ఐదువందల యేండ్లకు, ఆ సంఖ్య పదిలక్షల నలువదియెనిమిది వేలు దాటును. విజయనగరరాజుల కాలమున మన కులమున అంతమంది యుండిరా? ఉండలేదు. కనుక అదే మనుష్యులు మన వంశవృక్షమున పెక్కుకొమ్మలపై మరలమరల కూర్చున్నారు. గోత్రములు వేఱైనను వధూవరులు దూరపు జ్ఞాతులే.

స్మృతికర్తలకు ఈ సంగతి కొంత తెలియకపోలేదు. కన్య తండ్రికి సగోత్ర కాకుండుటతోబాటు తల్లికి సపిండ కాకుండవలెనని మనువు విధించెను. తల్లివైపు ఐదుతరములు, తండ్రివైపు ఏడుతరములు విడువుమని యాజ్ఞవల్క్యుడు చెప్పెను. మనము గోత్రమును భద్రముగా దాచుకొని తల్లివైపు ఐదుతరములను విడిచిపెట్టితిమి. అంతటితో నాగక మేనరికమును ప్రశస్తముగా నెంచితిమి. మేనమామ కుమార్తెను, మేనత్త కుమార్తెను వివాహమాడుట దాక్షిణాత్యుల యాచారమని బోధాయనుడే చెప్పియున్నాడు. కుమారిలభట్టు దీనిని ఆక్షేపించెను. మాధవాచార్యులు పరాశరమాధవీయమున దీనిని సమర్థించి పెద్దవాదము చేసెను. అర్జునుడు సుభద్రను, మన తెలుగు కథలో అభిమన్యుడు శశిరేఖను వరించినది మేనరికమే గదా! అందఱును ఆనందింతుము. కాని అక్క కూతును వివాహమాడిన మేనమామకును ఆ పిల్లకును నాల్గవపాలు రక్తము ఉమ్మడి. మేనబావకును మరదలికిని ఎనిమిదవపాలు. ఆ యుమ్మడి పాలున ఒకే తప్పు రెండువైపులనుండియు వచ్చి కలియుట కవకాశ మెక్కువ. మేనరికము కుల మంతటికి గల సాధారణభయమునకు అదనపుభయము చేర్చును. మేనరికము మానినంతమాత్రమున మొదటి భయము పోదు. నేను చెప్పిన బిడ్డ తల్లిదండ్రులది మేనరికము కాదు.

కులము విడిచి వివాహమాడిన ఈ చిక్కు తీఱదా యని మన పిల్లలు అడుగుదురు. హైటెక్ సిటీలోను గచ్చిబౌలిలోను పనిచేయుచు వారే చూచుకొని పెండ్లాడుచున్న యువకులు నన్నీ మాట యడిగిరి. కులసంఘ సభలో నిలిచి యీ ప్రశ్నకు ప్రత్యుత్తరము దాటవేయుట నాకు తగదు. ఒక సముదాయమునకే ప్రత్యేకమైన జబ్బు విషయమున దూరదేశపు ప్రతి లోనికి వచ్చినచో అపాయము మిక్కిలి తగ్గును. అది నిజము. తలసీమియావంటిది పెక్కు కులములలో నున్నది గనుక దానికి పరీక్ష యెట్లును కావలసినదే. ఎవరిని వివాహమాడవలయునను దానిలో నేను తీర్పరిని కాను. కులములోననే సంబంధములు కుదుర్చుటకు ప్రతి సంవత్సరము వధూవరపరిచయసభ జరుపుచున్న మన సంఘమునకు మాత్రము, ఆ కుదుర్చుటవలన వచ్చు అపాయమును తెలిసికొను బాధ్యత లేదందురా?

ఈ బాధ్యతను వహించిన సమాజ మొకటి కలదు. అష్కెనాజీ యూదులలో టే-సాక్సు అను ఘోరవ్యాధి యున్నది. బిడ్డ పుట్టినపుడు చక్కగా నుండి, కొన్ని మాసములకు చూపును, కదలికను కోల్పోయి, నాలుగైదేండ్లకు చనిపోవును. న్యూయార్కులో జోసెఫ్ ఎక్‌స్టైన్ అను మతగురువు ఈ వ్యాధితో నలుగురు బిడ్డలను పోగొట్టుకొనెను. ఆయన 1983లో 'దోర్ యెషోరిమ్' అను సంస్థను స్థాపించెను. యువతీయువకుల రక్తము తీసికొని, పేరు వ్రాయక, ఒక సంఖ్య నిత్తురు. సంబంధము మాటలాడునపుడు ఉభయులు తమ సంఖ్యలను తెలుపుదురు. ఈ జంట పొసగును, లేక పొసగదు అని మాత్రమే సంస్థ చెప్పును. ఎవరు వాహకులో ఎవరికిని చెప్పదు. అందుచే ఏ పిల్లకును చెడ్డపేరు రాదు, ఏ వంశమునకును మచ్చ లేదు. వాహకత్వము మచ్చ కాదని నాకు తెలియును, మీకు తెలియును, పెండ్లిబేరములాడువారికి తెలియదే! మిక్కిలి ఛాందసులని పేరుపడిన ఆ సమాజమున ఈ పద్ధతి నిలిచి, ఆ వ్యాధి యత్యంతము అరుదైపోయినది. ఆచారమును విడువకయే వారీ పని చేసిరి. ఛాందసత్వమున వారితో పోటీపడగల మనము ఇందును పోటీపడరాదా?

మన ప్రభుత్వమును ఈ దిశననే నడచుచున్నది. 2023 జూలై 1వ తేదీన ఆరంభమైన సికిల్ సెల్ నిర్మూలనోద్యమమున గిరిజనులకు పరీక్షలు చేసి, వివాహసమయమున పోల్చుకొనుటకు వీలగు కార్డులను ఇచ్చుచున్నారు. జీనోము ఇండియా యను పథకమున పదివేలమంది భారతీయుల సంపూర్ణగ్రంథములు చదువబడి, 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోనికి తేబడినవి. ఆ పథకమున మన సి.సి.ఎం.బి.యు భాగస్వామి. ఒక్కొక్కని మూడువందలకోట్ల అక్షరములను ప్రక్కప్రక్కన బెట్టి తప్పులేఱుట కంప్యూటరులు లేనిదే సాధ్యము కాదు. 1998 నవంబరున సైబర్ టవర్సు ప్రారంభమగునప్పటికి రాళ్లగుట్టలతో నిండియున్న యీ ప్రాంతమున నేడు మన బిడ్డలు వేలమంది అట్టి గణనపు పనులలోనే యున్నారు. వారిలో నలుగురైనను ఈ సంఖ్యలపట్టికను మన సంఘమునకు పదిలముగా నడపి యీయలేరా?

జీనోము ఫౌండేషనును స్థాపించిన లాల్జీసింగుగారు ఏ కులమునకును ప్రత్యేకముగా పని చేయలేదు. అందఱి రక్తమును ఒకే దృష్టితో చదివెను. మనవంటి సంఘములు చేయవలసినది ఆ చదువును పల్లెలోని పెండ్లివాకిటికి చేర్చుట.

అధ్యక్షమహాశయా! తమ యనుజ్ఞతో ఈ క్రింది తీర్మానమును సభయెదుట నుంచుచున్నాను. వచ్చు వధూవరపరిచయసభనుండి పేరు నమోదు చేయించుకొను ప్రతి యువతికిని యువకునికిని, వారి యిష్టానుసారముగా, తలసీమియా వాహకత్వపరీక్షను సంఘవ్యయముతో చేయింపవలెను. ఫలితము సంఖ్యామాత్రముగా నుండవలెను గాని పేరు ఏ పుస్తకమునను వ్రాయరాదు. దంపతులు కాబోవువారికి వివరించి చెప్పుటకు జన్యువైద్యమునందు అనుభవముగల వైద్యుని నియమింపవలెను. మన కుటుంబములలో నెవరికైనను మత్తుమందు ఇచ్చినపుడు ఆలస్యముగా తెలివి వచ్చుటగాని, వరుసగా శిశుమరణములుగాని జరిగియున్నచో, ఆ సంగతిని పేరు లేకుండ కార్యదర్శిగారికి తెలుపుటకు ఒక పద్ధతిని ఏర్పఱచి, ఆ విషయములను పరిశోధనసంస్థలకు వారి సమ్మతిమీద పంపవలెను. ఇందులకు ఒక నిధిని నేడే ఆరంభింపవలెనని కోరుచు, నా వంతుగా ఒక నెల పింఛనును కోశాధికారిగారికి అందజేసితిని. రసీదు సంఖ్య ఒకటి.

ఈ తీర్మానమును బలపఱుచుటకు స్త్రీసమాజాధ్యక్షురాలు గారు అంగీకరించియున్నారు. వారిని మాటలాడ ప్రార్థించుచు నేను కూర్చుండెదను.